షుగరు ఉందని తేలాక మొదటి మూడు నెలలు: ఏ పని ముందు, ఏది తర్వాత

రిపోర్టు ఇంటికి రాగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఈ కాలంలో షుగరు ఎవరికి లేదు, ఒక మాత్ర వేసుకుంటే సరి" అంటారు ఒకరు. "రేపటి నుంచి అన్నం ముట్టుకోవద్దు, మామిడిపండు వైపు చూడొద్దు" అంటారు మరొకరు. రెండింటినీ పక్కన పెట్టండి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అంతమందికి ఉన్నంత మాత్రాన అది చిన్న జబ్బు అయిపోదు. అలాగని ఇష్టమైనవన్నీ వదిలేసి బతకాల్సిన జబ్బు కూడా కాదు.

షుగరుతో అసలు చిక్కు ఏమిటంటే, అది నొప్పి పెట్టదు. రక్తంలో చక్కెర 250 ఉన్న మనిషి కూడా లేచి, స్నానం చేసి, పనికి వెళ్లి వస్తాడు. లోపల కంటి నరాలు, మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటున్న సంగతి అతనికి తెలియదు. కాబట్టి "నాకు ఒంట్లో బాగానే ఉంది" అన్న మాట ఇక్కడ ఆధారం కాదు. కనిపించని దాన్ని కనిపించేలా చేసుకోవాలి. మీటరు, మూత్ర పరీక్ష, కంటి పరీక్ష, అరికాళ్లను అద్దంలో చూసుకోవడం, ఇవన్నీ అందుకే.

ఇక్కడ రాసేది ముఖ్యంగా టైప్ 2 మధుమేహం, అంటే చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో ఉన్నా సరిగా పనిచేయని, చాలని రకం, కొత్తగా బయటపడిన పెద్దవారి కోసం.

ముందు నిర్ధారణ సంగతి తేల్చుకోండి

పరగడుపున 126 లేదా అంతకు మించి, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 200 లేదా అంతకు మించి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే మధుమేహం అంటారు. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం లాంటి లక్షణాలేవీ లేకుండా ఒక్క పరీక్షలోనే ఎక్కువ వస్తే, మరో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. మోకాలి నొప్పికో, ఆయాసానికో ఇటీవల స్టెరాయిడ్ సూదులు, మాత్రలు తీసుకున్నారా? ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. స్టెరాయిడ్లు చక్కెరను బాగా పెంచుతాయి. నొప్పులకు ఇచ్చిన సూది పేరేమిటో మనలో చాలామంది అడగరు. ఇకనుంచి అడగండి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడాలి.

ఒక హెచ్చరిక. వయసు తక్కువ, మనిషి సన్నం, కొద్ది వారాల్లో బరువు బాగా తగ్గారు, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉన్నాయి అంటే ఇది టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాని రకం కావచ్చు. అప్పుడు ఆహార నియమాలతో ప్రయోగాలు చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టైప్ 1 ఉన్నవారికి ఇన్సులిన్ ప్రాణాధారం. ఎవరు ఎంత నచ్చజెప్పినా దాన్ని ఆపకూడదు.

మొదటి నెలలో చేయించాల్సిన పరీక్షలు

టైప్ 2 చాలామందిలో బయటపడడానికి ఏళ్ల ముందే మొదలై ఉంటుంది. మీకు కొత్తగా తెలిసిందంతే, ఒంటికి అది కొత్త కాదు. అందువల్ల "ఇప్పుడే కదా వచ్చింది, కళ్లకు అప్పుడే ఏమవుతుంది" అనుకోవద్దు. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, లోపలి రెటీనా చూసే పరీక్ష మొదటి నెలలోనే చేయించండి. కళ్లజోడు దుకాణంలో అద్దాల నంబరు చూడడం ఈ పరీక్ష కాదు. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. ఇంకో మాట, చక్కెర బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో కొత్త కళ్లజోడు చేయించుకోవద్దు. చక్కెర దిగాక నంబరు మారిపోతుంది.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను ఎంత పోతోందో చూసే పరీక్ష రెండవది. చాలాచోట్ల రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటకు పంపాల్సిన వ్యర్థం, ఒక్కటే చూసి కిడ్నీలు బాగున్నాయి అంటారు. క్రియాటినిన్ పెరిగే నాటికి నష్టం చాలా దూరం వెళ్లి ఉంటుంది. అల్బుమిన్ అంతకంటే ముందే చెబుతుంది, అందుకే రెండూ అడిగి చేయించుకోండి. వీటితో పాటు కొలెస్ట్రాల్, బీపీ, పాదాల్లో స్పర్శ. బీపీ 130/80 లోపు ఉండేలా చూసుకోవడం చక్కెరను అదుపు చేయడంతో సమానమైన పని. మధుమేహం ఉన్నవారిని గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వెంటాడతాయి. పొగతాగే అలవాటు ఉంటే దాన్ని మానడం కంటే పెద్ద మందు వేరే లేదు.

అన్నీ ఒకే ఫైలులో, తేదీల వరుసలో పెట్టండి. డాక్టరు మారినా ఫైలు మారకూడదు.

మీటరు కొని, దానితో ప్రశ్నలు అడగండి

ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవాళ్లలో చాలామంది పరగడుపున ఒకసారి చూసి, అంకె బాగుంటే సంతోషపడి, బాగాలేకపోతే బాధపడి, డబ్బాలో పెట్టేస్తారు. దానితో నేర్చుకునేది తక్కువ. మంచి పద్ధతి జంటగా చూడడం: తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు మరోసారి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఆ భోజనం మీ ఒంట్లో ఏం చేసిందో చెబుతుంది. ఈ రోజు నాలుగు ఇడ్లీలు తిని చూడండి. ఇంకోరోజు రెండు ఇడ్లీలు, ఒక గిన్నె కూరగాయల సాంబారు, ఉడికించిన గుడ్డు తిని చూడండి. మరోరోజు పెసరట్టు. మీ ఇంటి వంటలన్నింటికీ ఇలా ఒక నోటుపుస్తకం తయారవుతుంది. ఎదురింటాయనకు పడినది మీకు పడకపోవచ్చు. ఇతరుల సలహాల కంటే ఆ పుస్తకాన్ని నమ్మండి. స్ట్రిప్పులు ఖరీదైనవి కాబట్టి రోజూ అక్కర్లేదు, మాత్రలతో నడిచేవారికి వారంలో రెండు మూడు జంటలు చాలు. ఇన్సులిన్ వాడేవారు డాక్టరు చెప్పినన్ని సార్లు చూడాలి.

చూసే ముందు చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. అరటిపండు ఒలిచిన వేలితో చూస్తే 140 ఉన్నది 200 దాటి కనిపించవచ్చు. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల సీసా మూత వెంటనే పెట్టేయాలి, గాలి తేమ తగిలితే పాడవుతాయి.

చాలామందికి లక్ష్యం ఇలా ఉంటుంది: పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు. ఇంట్లో 75 ఏళ్ల పెద్దవారు ఉంటే, గుండె జబ్బు ఉంటే, తరచూ చక్కెర పడిపోతుంటే ఇంత గట్టిగా పట్టుకోకూడదు. వారికి హెచ్‌బీఏ1సీ 8 దాకా ఉన్నా ఫర్వాలేదని డాక్టర్లే చెబుతారు.

కంచం మార్చుకోవడం

మన భోజనంలో ఇబ్బంది అన్నం ఉండడంలో లేదు, అన్నం చుట్టూ మిగతావన్నీ నంజుళ్లుగా మారిపోవడంలో ఉంది. కంచం నిండా అన్నం, పైన గరిటెడు పప్పు, పక్కన చెంచాడు కూర, చివర మళ్లీ పెరుగన్నం. ఈ లెక్కను తిప్పండి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు: బీర, సొర, దొండ, వంకాయ, బెండ, తోటకూర, గోంగూర. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్ లేదా శనగలు. మిగిలిన పావులోనే అన్నం, రొట్టె ఏదైనా. బంగాళదుంప, చామదుంప, కందగడ్డ కూరలు అయినా అవి అన్నం వాటాలోకే వస్తాయి.

అన్నాన్ని చిన్న గిన్నెతో కొలిచి ఒకేసారి పెట్టుకోండి, గిన్నె మళ్లీ అన్నం దగ్గరకు వెళ్లకూడదు. ముందు కూర, పప్పు కొంత తిని, అన్నం చివర తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఇది ఖర్చు లేని చిట్కా, మీటరుతో మీరే చూసుకోవచ్చు. బియ్యంలో కూడా తేడాలున్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తీసుకొచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, చక్కెరను తక్కువ వేగంతో పెంచే రకంగా పేరు తెచ్చుకుంది. దొరికితే వాడండి. కానీ బియ్యం మారింది కదా అని అన్నం పెంచితే లాభమంతా పోతుంది.

రాగులు, జొన్నలు, కొర్రల గురించి ఒక అపోహ తీర్చుకోవాలి. పిండి మెత్తగా పట్టించి, నీళ్లలో కాచి తాగే రాగి జావ గంటలోపే చక్కెరను పైకి లేపగలదు. అదే రాగి సంకటి చిన్న ముద్దగా, ఆకుకూర పప్పుతో తింటే తేడా కనిపిస్తుంది. జొన్నరొట్టె మంచిదే, ఒకటో రెండో. కొర్రలన్నం కూడా కొలిచే తినాలి. రాత్రి అన్నం మాని అయిదు చపాతీలు తినేవారికి ఒరిగేదేమీ లేదు. పొద్దున టిఫిన్లలో పెసరట్టు నా దృష్టిలో అన్నిటికంటే మంచిది, దాంట్లో ఉప్మా పెట్టనంత వరకు.

తీపి సంగతి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే దాదాపు 40 గ్రాములు, దాన్ని ఎవరూ మిఠాయి కింద లెక్కేయరు. పది రోజులు ఓపిక పడితే చక్కెర లేని టీకి నాలుక అలవాటు పడుతుంది. బెల్లం, తేనె, తాటిబెల్లం రక్తంలోకి వెళ్లాక చక్కెరే. చెరకు రసం, కూల్‌డ్రింకులు, పళ్ల రసాలు పూర్తిగా మానేయండి. పండ్లు మానక్కర్లేదు: జామ, నేరేడు, బొప్పాయి, కమలా లాంటివి ముక్కలుగా, భోజనానికి భోజనానికి మధ్య తినండి. బంగినపల్లి కాలంలో రెండు చిన్న ముక్కలు తినాలనిపిస్తే, ఆ పూట అన్నం తగ్గించి తినండి, తిన్నాక మీటరు చూడండి. డయాబెటిక్ బిస్కెట్లని అమ్మేవాటిలో మైదా, నూనె ఉంటాయి, వాటికి డబ్బు పెట్టకండి. గుప్పెడు వేరుశనగలు, ఉడికించిన శనగలు, పల్చని మజ్జిగ సాయంత్రానికి చాలు.

ఊరగాయ చెంచాడుకు మించకూడదు. అందులోని ఉప్పు బీపీని పెంచుతుంది.

ఇంట్లో ఒకరికి వేరే వంట చేస్తే అది రెండు వారాల్లో ఆగిపోతుంది. కూర ఎక్కువ, అన్నం తక్కువ అన్నది అందరికీ మంచిదే కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒకే వంట పెట్టండి. ఆ వంట భారం ఎక్కువగా ఇంటి ఆడవారి మీదే పడుతుంది. షుగరు వచ్చింది ఆమెకే అయితే, కూరలు తరిగే పనిలోనైనా మిగతావారు చేయి వేయాలి. అందరూ తిన్నాక మిగిలిన అన్నంతో ఆమె సరిపెట్టుకునే పద్ధతి ఆగాలి.

నడక

పొద్దున్నే పార్కుకు వెళ్లలేకపోతే ఏమీ చేయనక్కర్లేదు అనుకోకండి. భోజనం అయిన పావుగంటలో మొదలుపెట్టి పది, పదిహేను నిమిషాలు ఇంటి మేడ మీదో, వీధిలోనో నడిస్తే తిన్న తర్వాతి అంకె తగ్గుతుంది. వారం మొత్తం మీద 150 నిమిషాల నడకతో పాటు, వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటి కండల పని చేయండి. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే బరువు తగ్గడం మీద దృష్టి పెట్టాలి. జబ్బు కొత్తగా ఉన్నప్పుడు పది, పదిహేను కిలోలు తగ్గగలిగినవారిలో కొందరికి మందులు లేకుండానే చక్కెర మామూలు స్థాయికి వస్తుంది. ఆ తర్వాత కూడా పరీక్షలు ఆపకూడదు.

మందులు, ఇన్సులిన్

సాధారణంగా మెట్‌ఫార్మిన్‌తో మొదలవుతుంది. మొదటి వారాల్లో కడుపులో తిప్పడం, విరేచనాలు కావచ్చు. భోజనంతో పాటు వేసుకుంటే తగ్గుతాయి. తగ్గకపోతే మోతాదు నెమ్మదిగా పెంచే పద్ధతి, నిదానంగా విడుదలయ్యే మాత్ర ఉన్నాయి, డాక్టరును అడగండి. చెప్పకుండా మానేయవద్దు. ఏళ్ల తరబడి వాడేవారికి విటమిన్ బీ12 తగ్గవచ్చు, అరికాళ్లు తిమ్మిరెక్కితే అది కూడా చూడాలి. "షుగరు మాత్రలతో కిడ్నీలు పోతాయి" అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. కిడ్నీలను దెబ్బతీసేవి అదుపు లేని చక్కెర, బీపీ, వాటితో పాటు ఇష్టం వచ్చినట్టు మింగే నొప్పి మాత్రలు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, అది గుర్తుంచుకోండి. ఖర్చు ఇబ్బంది అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, జన ఔషధి దుకాణాల్లో అడగండి.

కాకరకాయ, మెంతులు ఆహారంగా తినండి. వాటిని నమ్ముకుని మందులు ఆపవద్దు. లేబుల్ లేని పొడులు అసలు వద్దు. అలాంటి పొడుల్లో అల్లోపతి షుగరు మందులు కలిపి అమ్మిన ఉదంతాలున్నాయి.

ఇన్సులిన్ రాస్తే చివరి దశకు వచ్చామని కుంగిపోకండి. సీసాలో ఇన్సులిన్ కొనేటప్పుడు ఒక్క విషయం ప్రతిసారీ చూసుకోండి: మన దేశంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్లవీ రెండూ ఉన్నాయి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్ల మోతాదు ఒంట్లోకి వెళ్తుంది, ప్రాణం మీదకు వస్తుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి. కొత్త సీసాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. వాడుతున్న సీసా చల్లని చోట నాలుగు వారాల దాకా ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో, ఎండాకాలంలో తడి మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచవచ్చు. పొట్ట మీద సూది వేసే చోటు రోజూ మార్చండి, ఒకేచోట వేస్తే గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు.

చక్కెర పడిపోతే

చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, ఉన్నట్టుండి చిరాకు, తికమక మాటలు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటరు అందుబాటులో లేకపోతే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. చాక్లెట్, లడ్డూ పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఈ పేరా ఇంట్లోవారికి చదివి వినిపించండి, ఎందుకంటే ఆ క్షణంలో పని చేయాల్సింది వాళ్లే.

పాదాలు

రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ చూసుకోండి: అరికాలు, మడమ పగుళ్లు, వేళ్ల మధ్య. వంగలేనివారు అద్దం కింద పెట్టి చూడాలి. స్పర్శ తగ్గిన కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు. వేడినీళ్ల కాపడం వద్దు. ఆనెలను బ్లేడుతో కోయవద్దు. ఇంట్లో కూడా మెత్తని రబ్బరు అడుగు ఉండే ఎంసీఆర్ చెప్పులు వేసుకోండి. వేసవి మధ్యాహ్నం గుడి ప్రదక్షిణలో కాలిన రాతి బండల మీద నడిచి బొబ్బలు తెచ్చుకున్నవారు ఎందరో. ఉదయం వేళ వెళ్లండి, మందపాటి మేజోళ్లు వేసుకోండి. అయ్యప్ప మాల, భవానీ దీక్ష తీసుకునేవారిలో స్పర్శ తగ్గినవారుంటే గురుస్వామికి ముందే చెప్పి చెప్పులు వేసుకోవాలి. పుండు పడి రెండు రోజుల్లో మానే దారి కనిపించకపోయినా, ఎర్రబడినా, చీము పట్టినా పసుపు రాసి కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

జ్వరం, ఉపవాసం, పెళ్లి భోజనం

జ్వరం వస్తే తిండి తగ్గినా చక్కెర పెరుగుతుంది, అందుకని ఇన్సులిన్ సొంతంగా ఆపకూడదు. మీటరు తరచూ చూడాలి. వాంతులు, విరేచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, అదే రోజు అడగండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించండి, షుగరు ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు చేయాలనుకుంటే వారం ముందే డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్చుకోవాలి. చక్కెర పడిపోతే వ్రతం మధ్యలో ఆపాలి. పెళ్లిలో "ఈ ఒక్కసారికి" అని వడ్డించేవారు ఉంటారు. "నాకు షుగరు, కూర వేయండి" అని గట్టిగానే చెప్పండి. దాచుకోవాల్సిన జబ్బు ఇది కాదు.

మూడో నెల చివర

హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, నోటుపుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. నాలుగు సంగతులు అడగండి: నా లక్ష్యం ఎంత, మందులు పెంచాలా తగ్గించాలా, కొలెస్ట్రాల్ మాత్ర అవసరమా, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవాలా. అంకె దిగకపోతే నిజంగా ఏ పూట తప్పుతోందో పుస్తకం చూపిస్తుంది, దాన్ని దాచకండి. అదుపులోకి వస్తే ఆరు నెలలకోసారి, రాకపోతే మూడు నెలలకోసారి ఈ పరీక్ష. కళ్లు, మూత్రం, పాదాల పరీక్ష ఏడాదికోసారి. వచ్చే ఏడాది తేదీలను ఆ రోజే క్యాలెండరులో రాసుకోండి. మీ తోబుట్టువులను, 30 దాటిన మీ పిల్లలను కూడా ఒకసారి పరగడుపు పరీక్షకు పంపండి.